నా వీడియో చూసి ఎండిపోయిన మొక్కలు: బందరు నీళ్ళు, ఉప్పు, తుప్పు

ఈసారి ఇంట్రో మ్యూజిక్ లేదు, డైరెక్ట్‌గా విషయంలోకి వెళ్ళిపోదాం. ముందు ఒక మెసేజ్ చదువుతాను. పంపిన అమ్మాయి చదవమంది, పేరు మాత్రం చెప్పొద్దంది. దివిసీమలో, కోడూరు దగ్గర ఒక ఊరు. డిగ్రీ సెకండియర్.

"అక్కా, నువ్వు వీడియోలో చెప్పినట్టే చేశాను. కోకోపీట్, వర్మీ కంపోస్ట్, గ్రో బ్యాగులు అన్నీ తెప్పించాను, 1400 అయ్యింది. ఆర్వో నీళ్ళు వేస్ట్ చేయొద్దన్నావు కదా, అవే పట్టి పోశాను. నాన్నకి పాజిటివ్ వచ్చి వెనక గదిలో ఉన్నప్పుడు నేనూ అమ్మా రోజూ పొద్దున్నే మొక్కల దగ్గరే కూర్చునేవాళ్ళం. ఒక్కోటే మాడిపోయాయి. 12 బ్యాగుల్లో 11 పోయాయి. ఈ ఇంట్లో ఏదీ బతకదే అని అమ్మ ఏడ్చింది. నేనేం తప్పు చేశానక్కా?"

ఇది మే నెలాఖర్లో వచ్చింది. వాళ్ళ నాన్నగారు ఇప్పుడు బాగున్నారు, అది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే మీరు మిగతాది సరిగ్గా వినరు. తనకి నేను రాసిన సమాధానం ఏంటంటే, నువ్వేం తప్పు చేయలేదమ్మా, తప్పు వీడియోలోనే ఉంది అని. అలా రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజు రాసిందైతే "ఎండలు ఎక్కువ కదా, షేడ్ నెట్ కట్టావా?" అని. తప్పించుకోవడం అన్నమాట. స్క్రీన్‌షాట్ ఉంది, చూస్తే నాకే సిగ్గేస్తుంది.

కొత్తగా చూసేవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. మాది బందరు. మచిలీపట్నం అని బస్సు మీద రాస్తారు, మేం బందరు అంటాం. బీటెక్ చేసి హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేశా. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, రెండ్రోజులకే లాక్‌డౌన్. అంతకు వారం ముందే వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నారని ఒక బ్యాక్‌ప్యాక్‌తో ఇంటికొచ్చా. పది రోజులకి సరిపడా బట్టలు. అంతే, ఇక వెనక్కి వెళ్ళలేదు. ఆ డిసెంబర్లో ఉద్యోగం మానేసి ఈ ఛానల్ మీద పడ్డా. "బీటెక్ చదివి మట్టి పిసుకుతున్నావా" అని మా నాన్న ఇప్పటికీ అంటూనే ఉంటారు. ఆయన అన్నది తప్పేం కాదు లెండి, పిసుకుతూనే ఉన్నా.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగింది?

నేను మేడ మీద మొక్కలు మొదలుపెట్టింది 2020 జూన్‌లో. టమాటా, వంకాయ, పచ్చిమిర్చి, బెండ, రెండు గులాబీలు. మా ఇంట్లో కుళాయి నీళ్ళు తాగడానికి, వంటకి దాచుకుంటాం. మొక్కలకి బోరు నీళ్ళే, దానికి తోడు ఆర్వో మెషీన్ నుంచి బయటికి పోయే నీళ్ళు బకెట్లో పట్టి పోసేదాన్ని. అన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. నవంబర్లో వీడియో పెట్టా. ఛానల్లో ఎక్కువమంది చూసిన వీడియో అదే. అందులో మొహం వెలిగిపోతూ ఒక డైలాగ్ కొట్టా, "ఆర్వో వేస్ట్ వాటర్ అస్సలు పారబోయకండి, మొక్కలకి అమృతం" అని.

జూన్ నుంచి నవంబర్ దాకా మన దగ్గర వానలు కదా. వారానికి ఒకటో రెండో మంచి జల్లు పడేది, నేను పోసిన ఉప్పంతా కిందనుంచి కారిపోయేది. ఆ సంగతి నాకు తెలీదు. మొక్కల్ని బతికించింది వాన, క్రెడిట్ కొట్టేసింది నేను. నా వృత్తి టెస్టింగ్ అండీ! టెస్ట్ చేసింది వానాకాలంలో, రిలీజ్ చేసింది అన్ని కాలాలకీ. ఆఫీసులో ఇలాంటి పని ఎవరైనా చేస్తే నేనే మెయిల్లో వాళ్ళ బాస్‌ని సీసీలో పెట్టేదాన్ని.

ఈ ఏడాది మార్చి వచ్చేసరికి నా మొక్కలే తేడా చేశాయి. ఆకు చివర్లు గోధుమ రంగులోకి తిరిగి, అంచులు కాలినట్టు అయ్యి, లోపలికి ముడుచుకున్నాయి. నీళ్ళు చాలట్లేదేమో అని రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెం పోశా. ఇంకా పాడయ్యాయి. బలం తగ్గిందేమో అని యూరియా చల్లా. రెండు రోజుల్లో గులాబీ అవుట్. బ్యాగు పైన తెల్లగా పొర కట్టింది, ఫంగస్ అనుకుని మీకోసం దాని మీద షార్ట్ వీడియో కూడా చేశా. అదీ తప్పే. అది ఉప్పు.

గుడివాడలో నా ఇంజనీరింగ్ ఫ్రెండ్ ఉంది. ఇద్దరం కలిసే విత్తనాలు ఆర్డర్ పెట్టుకున్నాం. ఒకే కంపెనీ కోకోపీట్, ఒకే సైజు బ్యాగులు. వీడియో కాల్‌లో చూస్తే దాని టమాటాలు ఎర్రగా వేలాడుతున్నాయి. "నా దగ్గర బానే పనిచేస్తోందే" అంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ మాట వింటే ఎంత ఒళ్ళు మండుతుందో తెలుసు కదా. కానీ ఆ మాట అన్నారంటే ఎన్విరాన్‌మెంట్‌లో ఏదో తేడా ఉన్నట్టే. ఎండ ఒకటే, విత్తనం ఒకటే, మట్టి ఒకటే. మిగిలింది నీళ్ళు. వాళ్ళది కాలవ నీళ్ళ కుళాయి, మాది బోరు.

టీడీఎస్ మీటర్ తెప్పించా, పెన్ను సైజులో ఉంటుంది. నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి సుమారుగా ఎన్ని మిల్లీగ్రాములో చెప్తుంది. కరెంటు ఎంత బాగా పారుతోందో కొలిచి దాన్నిబట్టి వేసే అంచనా అది. ఏ లవణమో చెప్పదు, ఎంతో మాత్రం చెప్తుంది. గుడివాడ కుళాయి 310. మా బోరు 2400. తాగే నీళ్ళకి 500 లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్లేదని మన దేశపు ప్రమాణం. మాది అదీ దాటేసింది. ఇక ఆర్వో బయటికి వదిలే నీళ్ళు, నేను అమృతం అన్న నీళ్ళు, 3500!

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు, నేనే ఆలోచించలేదు. ఆర్వో మెషీన్ ఉప్పుని మాయం చేయదు, పక్కకి నెడుతుంది. మూడు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు మంచినీళ్ళు, రెండు లీటర్లు బయటికి. మూడు లీటర్లలోని ఉప్పు దాదాపు అంతా ఆ రెండు లీటర్లలోనే ఉంటుంది. 2400ని మూడుతో గుణించి రెండుతో భాగిస్తే 3600. మీటర్ దగ్గర దగ్గరగా అదే చూపించింది. లోపలికి వచ్చేది కాలవ నీళ్ళయితే ఆ వేస్ట్ వాటర్ మొక్కలకి ఇబ్బంది లేదు, గుడివాడలో, విజయవాడలో నడుస్తుంది. బందరు బోరుకీ, కోడూరు బోరుకీ అది పనికిరాదు. గిన్నెలు తోమండి, బాత్రూం కడగండి, మొక్కకి మాత్రం పోయకండి.

లెక్క ఇంకొంచెం ముందుకి లాగుదాం. బ్యాగుకి రోజుకి అర లీటరు పోశాం అనుకోండి. 3500 నీళ్ళయితే రోజుకి పావు తక్కువ రెండు గ్రాములు. ఎండాకాలంలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఆవిరి కాదు, అక్కడే కూర్చుంటుంది. కొంచెం కొంచెం పోస్తాం కాబట్టి కిందనుంచి కారిపోయేదీ ఉండదు. 60 రోజులకి 105 గ్రాములు. ఎంతో చూద్దామని వంటింట్లో ఉప్పు డబ్బా తెచ్చి 100 గ్రాములు తూచా. ఒక టీ గ్లాసు నిండింది. నీళ్ళలో ఉండేదంతా వంట ఉప్పు కాదనుకోండి, వేరే లవణాలూ ఉంటాయి. అయినా ఆ గ్లాసు చూస్తే అర్థమైంది. కోడూరు పిల్ల, వాళ్ళ అమ్మ, ఇద్దరూ కలిసి ఒక్కో మొక్కకి ఒక్కో టీ గ్లాసు ఉప్పు పెట్టారు. నేను చెప్పబట్టి, ప్రేమగా, రోజూ.

ఉప్పు మొక్కని ఎలా చంపుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలిసిన విషయమే. మాగాయకి మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట దిగుతుందా లేదా? బయట ఉప్పు ఎక్కువుంటే లోపలి నీరు బయటికి వస్తుంది. వేరు పరిస్థితీ అంతే. చుట్టూ నీళ్ళున్నా లోపలికి లాగలేదు. అందుకే దాహంతో వాడినట్టు కనిపిస్తుంది, మనం చూసి ఇంకో గ్లాసు పోస్తాం. దానికి తోడు సరిగ్గా కడగని కోకోపీట్‌లోనే కొంత ఉప్పు ఉంటుంది, కొబ్బరి పీచుని ఉప్పు నీళ్ళలో నానబెట్టే చోట్ల నుంచి వస్తే మరీనూ. యూరియా, డీఏపీ లాంటి ఎరువులూ మట్టి నీటిలో లవణాల్లాగే పనిచేస్తాయి. అంటే నేను రోగికి రోగాన్నే మందుగా ఎక్కించా.

జూన్ నెలాఖర్లో కర్ఫ్యూ సడలించాక, అమ్మమ్మకి రెండో డోసు కూడా అయ్యాక, బండేసుకుని దివిసీమ వెళ్ళా. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, అక్కణ్ణుంచి నాగాయలంక వైపు. దారిలో పులిగడ్డ అక్విడక్టు దగ్గర కాసేపు ఆగా. చిన్నప్పుడు దీన్ని వంతెన అనుకునేదాన్ని, కృష్ణ పాయ మీదుగా కాలవని దాటించి దివిసీమకి నీళ్ళిస్తుందని ఇంజనీరింగ్ అయ్యేదాకా తెలీదు. రెండు పాయల మధ్య, ముందు సముద్రం. మంచినీళ్ళు రావాలంటే విజయవాడ బ్యారేజీ నుంచి కాలవే రావాలి. 1855 నాటి ఆనకట్టతో మొదలైన కాలవలు, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా అవే ఆధారం. ఎండాకాలం కాలవలు కట్టేస్తే చెరువుల్లో పట్టుకున్నదే దిక్కు. నా మొక్కలు సరిగ్గా ఆ నెలల్లోనే చచ్చిపోయాయి.

అమ్మమ్మకి సీసాలో మా బోరు నీళ్ళు తీసుకెళ్ళా, మీటర్‌తో సహా, ప్రెజెంటేషన్ ఇద్దామని. ఆవిడ మీటర్ వైపు చూడనైనా చూడలేదు. మూతలో నాలుగు చుక్కలు పోసుకుని నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఇవి పోశావా మొక్కలకి? పప్పులోకి ఉప్పు మిగులుతుంది కదే."

"నీ దగ్గర బోరు కూడా ఇంతే కదా అమ్మమ్మా?"

"ఇంతకంటే దరిద్రం. నేను పోస్తానా?"

దొడ్లో చూస్తే అన్నీ ఉన్నాయి. గోంగూర, గోరుచిక్కుడు, పాలకూర, తనంతట తానే పాకే గంగపాయల కూర, మునగ, స్నానాల గది నీళ్ళు పోయే చోట అరటి, రెండు సపోటాలు. నా లిస్టులో ఉన్న బెండ, గులాబీ ఎక్కడా లేవు. తర్వాత చదివితే తెలిసింది, బెండ, బీన్స్, ఉల్లి, క్యారెట్, గులాబీ ఉప్పుకి ఓర్చుకోలేనివి. టమాటా, మిరప మధ్యస్థం. గోరుచిక్కుడు, పాలకూర, బీట్‌రూట్, గంగపాయల లాంటివి బాగా ఓర్చుకుంటాయి. అమ్మమ్మ ఏ చార్టూ చూడలేదు. చచ్చినవి మళ్ళీ పెట్టలేదు, బతికినవి ఉంచుకుంది.

మొక్కలు నాటిన తీరు కూడా చూడాలి మీరు. బోదె కట్టింది కానీ నెత్తి మీద నాటలేదు, వాలు మీద నాటింది. ఎందుకంటే, "ఉప్పు పైకెక్కి కూర్చుంటుందే, నెత్తిన పెడితే దాని నోట్లో పెట్టినట్టే" అంది. కరెక్టే కదా. తడి కింద నుంచి పైకి పాకుతూ బోదె శిఖరం దగ్గర ఆవిరవుతుంది, ఉప్పు అక్కడ పేరుకుంటుంది. చౌడు నేలల గురించి రాసిన వ్యవసాయ పుస్తకాల్లో ఉన్న సలహా అదే. మొదళ్ళ చుట్టూ వరిగడ్డి పరిచి ఉంది, తడి ఆరకుండా. నీళ్ళు రోజూ చిలకరించదు. రెండు మూడు రోజులకోసారి, చెరువు నీళ్ళో వాన నీళ్ళో, కిందకి దిగేదాకా పోస్తుంది. "చిలకరించకు, తాగించు" అంటుంది.

ఎక్కడ నేర్చుకున్నావు అంటే, వెంటనే చెప్పలేదు. సాయంత్రం బియ్యం ఏరుతూ చెప్పింది. ఉప్పెన తర్వాతట. 1977 నవంబర్ 19. మీలో చాలామంది ఏడాదికోసారి న్యూస్‌లో వినే తేదీ. అధికారిక లెక్కలోనే పది వేలమంది దాకా చనిపోయిన తుపాను. సముద్రం ఊళ్ళ మీదకి వచ్చింది. మనుషుల సంగతి ఆవిడ చెప్పలేదు, ఎప్పుడూ చెప్పదు. నీళ్ళ సంగతి మాత్రం చెప్పింది. చెరువులో సముద్రం నీళ్ళు. అవి తోడి పారబోశారట, ఊరంతా కలిసి. పొలంలో తెల్లగా పేరుకున్న ఉప్పు మీద వాన పడాలి, ఆ నీరు మురుగు కాలవలోకి దింపేయాలి, మళ్ళీ కాలవ నీరు పెట్టాలి, దాన్నీ దింపేయాలి. కడిగి కడిగి. "బియ్యం కడిగినట్టు నేలని కడిగాం" అంది. దొడ్లో మొదట బతికింది గోంగూరట. ఏ సంవత్సరం అని అడిగితే, "మీ అమ్మ పరికిణీ కట్టే వయసు" అంది. అంతకంటే అడగలేకపోయా.

సరే, పనికొచ్చే విషయంలోకి వద్దాం. కోడూరు అమ్మాయి, నేను కలిసి ఏం చేశామో చెప్తా, మీది సముద్రం దగ్గర ఊరైతే ఇవే చేయండి.

ముందు నీళ్ళు చూసుకోండి. మీటర్ లేకపోతే అమ్మమ్మ పద్ధతి, నాలుగు చుక్కలు నాలిక మీద, ఉమ్మేయండి, మింగొద్దు. ఉప్పగా తెలుస్తుంటే కుండీకి వద్దు. బ్యాగు కింద ప్లేట్లు ఉంటే తీసేయండి, కారిన ఉప్పు నీటినే మళ్ళీ మొక్క పీల్చుకుంటుంది. పైన తెల్ల పొరని ఒక అంగుళం మట్టితో సహా గీకి పారేయండి. తర్వాత కడగడం. బ్యాగులో ఎంత మట్టి ఉందో దానికి రెండింతలు మంచినీళ్ళు, నిదానంగా, ఒకే రోజు పోయాలి. కింద కారే నీళ్ళకి రీడింగ్ తీశా. మొదటి మగ్గు తర్వాత 5000 పైన ఉంది, చివరికి 700కి వచ్చింది. అంత నీళ్ళు ఎక్కడివి అంటే, వాన. జూన్, జూలై వానల్లో బ్యాగుల్ని చూరు కింద నుంచి తీసి ఆరుబయట పెట్టేయడమే. కొత్త కోకోపీట్ అయితే నానబెట్టి, పిండి, నీళ్ళు మార్చి, కనీసం మూడుసార్లు. మొక్క కోలుకుని కొత్త ఆకు వేసేదాకా ఎరువు జోలికి పోవద్దు.

వాన నీళ్ళ లెక్క విన్నాక మా నాన్న కూడా ఒప్పుకున్నారు, కాబట్టి మీరూ వినండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పదడుగులకి పదడుగుల స్లాబు అంటే తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. 20 మిల్లీమీటర్ల వాన, అంటే ఒక మోస్తరు జల్లు, పడితే 180 లీటర్ల పైన. నీలం డ్రమ్ము ఒకటి దాదాపు నిండిపోతుంది. మన వైపు ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన. అంటే ఒక్క గదంత స్లాబు మీద తొమ్మిది వేల లీటర్లు పడి, డ్రైన్లోకి పోతోంది. మేం పైపుకి డ్రమ్ము పెట్టాం. మొదటి వాన వదిలేయండి, దుమ్ము, పావురాల రెట్టలు ఉంటాయి. దోమతెర మూత తప్పనిసరి, లేదంటే మొక్కలు బతుకుతాయి, మీకు డెంగీ వస్తుంది. మా డ్రమ్ములో రీడింగ్ 25. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా అంతే పలుచగా ఉంటాయి, మన బందరు ఉక్కకి రాత్రికి బకెట్ నిండుతుంది. కాకపోతే అది ఏసీలోని రాగి, అల్యూమినియం మీద నుంచి జారిన నీరు, నేను పూల మొక్కలకే వాడతా, ఆకుకూరలకి వాడను.

ఇంత చేసినా ఏప్రిల్, మేలో పది బ్యాగులు మేపడం మన దగ్గర కష్టం. డ్రమ్ము ఖాళీ, కాలవ బంద్. ఇది ఒప్పుకోవడం నాకు నచ్చలేదు, ఎందుకంటే ఇంట్లో కూర్చునే నెలలు అవే. ఈ మేలో బ్యాగులన్నీ మూల పడేసి, చేతులు ఖాళీగా ఉంటే ఫోన్ గీకుతూ పిచ్చెక్కింది. అప్పుడు మా అమ్మ ఒక పని చెప్పింది. కిటికీ గ్రిల్ తుప్పు గీకమంది. బందర్లో తుప్పు అంటే మీకు చెప్పక్కర్లేదు, సముద్రపు గాలికి గేటు, సైలెన్సరు, తాళం కప్ప ఏదీ మిగలదు. గీకుతుంటే గుర్తొచ్చింది. పెడన కలంకారీ నల్లరంగు ఈ తుప్పుతోనే కదా చేసేది!

పెడన మాకు పది కిలోమీటర్లు. స్కూల్లో ఉండగా అద్దకం షెడ్డు చూపించడానికి తీసుకెళ్ళారు, అప్పుడు నేను సమోసా మీద పెట్టిన శ్రద్ధ అద్దకం మీద పెట్టలేదు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మన దగ్గర చెక్కిన టేకు అచ్చులతో అద్దుతారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు బందర్లో దిగారన్నా, వాళ్ళకంటే ముందు డచ్చి వాళ్ళు దిగారన్నా, ఇక్కడి అద్దకపు బట్టలు అందులో పెద్ద కారణం. ఆ గొప్పలు పక్కన పెడితే, ఆ నలుపు ఇంట్లో చేసుకోవచ్చు. అచ్చులు లేకపోయినా పర్లేదు.

పాత మట్టి కుండలో తుప్పు మేకులు, గ్రిల్ గీకిన పొడి, ఒక గుప్పెడు బెల్లం, మునిగేంత నీళ్ళు. పైన గుడ్డ కట్టి నీడలో పెట్టా. నాలుగో రోజుకి నురగ, వారానికి వాసన. "ఏమే, సారా కాస్తున్నావా" అని మా నాన్న. రెండు వారాలకి పైకి తేరిన నీళ్ళు వడకట్టా. ఈ నీళ్ళు నల్లగా ఉండవు, టీ డికాషన్ పలుచన చేసినట్టు ఉంటాయి. అయ్యో ఫెయిల్ అనుకుని పారబోయకండి. ఇంకో పక్క నాన్న పాత నూలు పంచె ముక్కని గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరేశా. లేత పసుపు రంగు వస్తుంది. కలంకారీలో ఇందులో గేదె పాలు కలపడం కూడా ఉంది, గీసిన రంగు పాకిపోకుండా. నేను మొదటిసారి పాలు కలపలేదు, గీసిన చేప బొమ్మ బొద్దింకలా అయ్యింది.

వెదురు పుల్లకి నూలు చుట్టి ఆ డికాషన్‌లో ముంచి గుడ్డ మీద పెట్టండి. పెట్టిన చోట, మీ కళ్ళముందే, నల్లగా మారిపోతుంది. కరక్కాయలో వగరు ఇచ్చే టానిన్, ఇనుము కలిసి ఆ నలుపు. పాతకాలం ఇంకు కూడా ఇదే కెమిస్ట్రీ. ఇంజనీరింగ్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, నేను ముప్పై సార్లు గీతలు గీస్తూ కూర్చున్నా. ఎరుపు కావాలంటే పటిక, మంజిష్ఠ, ఉడకబెట్టడం, పారే నీళ్ళలో జాడించడం, చాలా పని ఉంది. అద్దకం వాళ్ళు కాలవ నీళ్ళ కోసం ఎందుకు అంత చూస్తారో బకెట్లో జాడించి చూస్తే తెలుస్తుంది. నిలవ నీళ్ళలో రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. బోరు నీళ్ళతో జాడిస్తే నాకు మచ్చలు వచ్చాయి. ఇక్కడ కూడా నీళ్ళే! ఆ కుండని మళ్ళీ వంటకి వాడొద్దు, చేతికి గ్లౌజులు వేసుకోండి, గోళ్ళు వారం రోజులు నల్లగా ఉంటాయి. మీరు చేసింది కలంకారీ అని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మకండి దయచేసి. జీఐ గుర్తింపు ఉన్న పని అది, పెడనలో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. మనది తుప్పు బొమ్మ.

కోడూరు అమ్మాయికి కరక్కాయ పొడి, ఒక సీసా నలుపు పోస్టులో పంపా. గోరుచిక్కుడు విత్తనాలు అమ్మమ్మ దగ్గరవి. 1400 ఇస్తానంటే తీసుకోలేదు, కొట్లాడి మీటర్ కొనిచ్చా. 12 బ్యాగుల్లో మిగిలిన ఒక్కటి మల్లె. వానలో కడిగాక అది చిగురేసింది. పాత వీడియో తీసేశాను. టైటిల్ మార్చి ఉంచుదామా అని రెండ్రోజులు ఆలోచించా, ఆ వ్యూస్ మీద ఆశతో. కానీ వీడియోని సగంలోంచి చూసేవాళ్ళు టైటిల్ చదవరు కదా. ఫంగస్ షార్ట్ కూడా తీసేశా.

నిన్న వాళ్ళ అమ్మగారు వాయిస్ మెసేజ్ పెట్టారు. మొదటి కోతట. "అమ్మాయ్, గోరుచిక్కుళ్ళు గుప్పెడు వచ్చాయమ్మా. కూరకి చాల్లేదు, పప్పులో వేశాను. మీ వీడియోల్లో ఈ కాయ ఎప్పుడూ చూపించరేంటి, టమాటాలే చూపిస్తారు?"

ఆ ప్రశ్నకి జవాబు వచ్చే ఎపిసోడ్, ఓన్లీ గోరుచిక్కుడు, విత్తనం నుంచి కొబ్బరికారం వేపుడు దాకా. ఈలోపు మీ ఊరి పేరు, ఏ నీళ్ళు అన్నది, మీటర్ రీడింగ్, ఈ మూడు పంపండి. బంటుమిల్లి, పామర్రు, ఘంటసాల, నాగాయలంక, ఎక్కడైనా సరే. ఒక షీట్‌లో ఎక్కిస్తున్నా. ఈసారి వానాకాలంలో ఒకటి, మళ్ళీ మేలో ఒకటి, రెండు రీడింగులు తీసుకున్నాకే ఏ ఊళ్ళో ఏం పెట్టాలో చెప్తా.